పూల్‌లో క్లోరిన్ ఎంత వేయాలన్నదాని కంటే ముందు, ఏ మగ్గుతో తీస్తున్నారో చూడండి

మీ అపార్ట్‌మెంట్ పూల్‌లో వాచ్‌మన్ చేతికొచ్చినంత పొడి చల్లుతున్నాడని, పిల్లల కళ్లు మండుతున్నాయని, క్లోరిన్ తగ్గించమని చెప్పాలా అని అడిగారు. టెస్ట్ చేయకుండా తగ్గించకండి. ముక్కు అదిరే ఆ ఘాటు చాలాసార్లు క్లోరిన్ ఎక్కువైనందుకు కాదు, చాలనందుకు వస్తుంది. చెమట, మూత్రంతో క్లోరిన్ కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. వాసనా మంటా వాటివే. ఈతకు ముందు స్నానం చేయమని బోర్డు పెడితే ఎవరూ చదవరు, అది వేరే కథ.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పూల్ మూడేళ్లు నా నెత్తిన పడింది. మొదటి వేసవిలోనే ఒక తప్పు చేశాను. పంపు గదిలో రెండు డబ్బాలుండేవి. ఒకటి కాల్షియం హైపోక్లోరైట్, మా మాటల్లో హైపో. రెండోది టీసీసీఏ, అంటే ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ యాసిడ్. రెండూ తెల్లగానే ఉంటాయి, రెండిటినీ అందరూ ‘క్లోరిన్’ అనే అంటారు. హైపో తీసిన తడి మగ్గుతోనే టీసీసీఏ తీశాను. మగ్గు అడుగున సుయ్‌మని చప్పుడు, పట్టుకున్న చేతికి వేడి, ఆ వెంటనే గొంతు పట్టేసే పొగ. మగ్గు అక్కడే పడేసి బయటికి ఉరికాను. అడుగున ఉన్నది చెంచాడు పొడే కాబట్టి దగ్గుతో సరిపోయింది. ఈ రెండూ కలిస్తే విషవాయువు రావడమే కాదు, మంట అంటుకోవచ్చు, పేలొచ్చు కూడా. అలాంటప్పుడు నీళ్లు చల్లి ఆర్పుదామనో, మూత పెడదామనో చూడకండి. అందరినీ దూరంగా పంపి 101కి ఫోన్ చేయండి.

ఆ రోజు నుంచి ఏ డబ్బా మగ్గు దానిదే, రంగు కూడా వేరు. యాసిడ్ క్యాన్‌ను ఆ గదిలోంచే తీసేయించాను. హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఈ క్లోరిన్ మందుల్లో దేనికి తగిలినా క్లోరిన్ గ్యాసే. టీసీసీఏ బిళ్లలు వేసే ఫీడర్‌లో హైపో ఎప్పుడూ పోయకూడదు.

ఇక మోతాదు. మా పూల్ 12 మీటర్ల పొడవు, 6 వెడల్పు, సగటు లోతు 1.25. అంటే 90,000 లీటర్లు. క్లోరిన్ 1 పీపీఎం, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము, పెరగాలంటే 90 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. 65 శాతం హైపో అయితే దాదాపు 140 గ్రాములు. ‘రెండు మగ్గులు’ అన్న లెక్క మానేసి కిరాణా కాటా ఒకటి కొనండి. ముందు బకెట్ నిండా నీళ్లు పట్టి, పొడిని అందులో కొంచెం కొంచెంగా వేయాలి. పొడి మీద నీళ్లు పోయకూడదు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు, గాలి వీపు వైపు నుంచి. సాయంత్రం, పూల్ ఖాళీ అయ్యాక, పంపు ఆన్‌లో పెట్టి వేయండి. పగలు వేస్తే ఎండే సగం తినేస్తుంది.

ఫ్రీ క్లోరిన్ (క్లోరమైన్లుగా మారకుండా మిగిలిన క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.6 మధ్య ఉంచుకుంటూ వచ్చాను. పీహెచ్ 8 దాటితే క్లోరిన్ ఉన్నా క్రిములను చంపే శక్తి బాగా పడిపోతుంది. మీ కళ్ల మంటకు అదీ ఒక కారణం కావచ్చు. పసుపు రంగు చూపే చౌక కిట్‌లో క్లోరమైన్లు కూడా కలిసి కనిపిస్తాయి. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కొనండి. ఒక్క చిక్కు: క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ రంగే విరిగిపోయి నీళ్లు ఏ రంగూ లేకుండా కనిపిస్తాయి. అది చూసి క్లోరిన్ లేదనుకుని ఇంకా వేసేవాళ్లున్నారు. అనుమానమొస్తే శాంపిల్‌లో క్లోరిన్ లేని మంచినీళ్లు కలిపి మళ్లీ చూడండి.

మీ పూల్ కొలతలు, డబ్బా మీదున్న పేరు, శాతం చెప్పండి, లెక్క కట్టి పెడతాను.