అసాల్ట్ అంటే కొట్టడమేనా? మా నాన్న మీదకి పార ఎత్తిన రోజు తర్వాత నేను తెలుసుకున్నది

శ్రీకాకుళం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. తను పనిచేసే షాపు ఓనరు కోపంలో స్టూలు ఎత్తి మీదకొచ్చాడట, పక్కనున్నవాళ్లు మధ్యలో పట్టేసుకున్నారు, దెబ్బ తగల్లేదు. ఫ్రెండేమో ఇది అసాల్ట్ కేసు అవుద్ది అంటున్నాడు, డిక్షనరీ తీస్తే దాడి అని ఉంది, దెబ్బే పడనప్పుడు దాడి ఎలా అవుద్ది, అసలు అసాల్ట్ అంటే కొట్టడమా కాదా అని.

తమ్ముడూ, మీ ఫ్రెండ్ చెప్పిందే కరెక్టు. చట్టంలో అసాల్ట్ అంటే కొట్టబోవడం. దెబ్బ పడకపోయినా అది పూర్తయిన నేరమే. నేను లాయర్ని కాదు, కానీ ఈ ఒక్క మాట అర్థం కాక మా ఇంట్లో మూడు నెలలు నలిగిపోయాం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మాది విజయనగరం జిల్లాలో పల్లెటూరు. 2019లో ఉభాల టైములో, అంటే వరినాట్లప్పుడు, మా పొలం గట్టు దగ్గర తగువైంది. పక్క పొలం ఆయన వరసకి నాకు చిన్నాన్న అవుతాడు, ఏటా నీళ్లు మళ్లించుకునేటప్పుడు గట్టు ఒక జానెడు మావైపుకి జరుపుతాడు, నాన్న ఎప్పుడూ ఊరుకునేవారు, ఆ ఏడాది మాత్రం వెళ్లి అడిగారు. జీవితమంతా అన్నియ్యా అన్నియ్యా అని పిలిచినోడు ఆ రోజు ఒరే అన్నాడు. "ఒరే, ఇంకో అడుగేసినావంటే ఇక్కడే పాతేత్తాను" అని చేతిలో ఉన్న పార రెండు చేతుల్తో తల మీద వరకూ ఎత్తి రెండడుగులు ముందుకొచ్చాడట. నారు పీకుతున్న ఆడవాళ్లు కేకలేస్తే ఆగాడు. అంతే జరిగింది, ఒంటి మీద గీత కూడా పడలేదు.

నాన్న ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. అమ్మ గ్లాసుతో మంచినీళ్లు ఇస్తే ఆ గ్లాసు పట్టుకోలేకపోయారు, నీళ్లు చొక్కా మీద ఒలికిపోయాయి, రెండు చేతుల్తో పట్టుకుని తాగారు. 62 ఏళ్ల మనిషి, ఆయన చెయ్యి వణకడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తర్వాత పది రోజులు పొలం వైపు వెళ్లలేదు, మిగతా ఉభాలన్నీ కూలోళ్ల మీదే వదిలేశారు. ఊళ్లో పెద్దమనుషులేమో "దెబ్బేటీ తగల్లేదు కదా బావు, ఇంకేటి, వదిలెయ్" అన్నారు. మాకు మాత్రం ఏదో జరిగింది, దానికి పేరు తెలీదు.

అప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే మా కజిన్ ఫోన్లోనే ఇంగ్లీషులో కంప్లైంట్ టైపు చేసి పంపాడు. అందులో ముఖ్యమైన లైనుకి అర్థం ఏంటంటే, ఫలానా వ్యక్తి మా నాన్నని పారతో అసాల్ట్ చేశాడు. అంతే, ఒక్క ముక్క. వాడికి తెలిసిన ఇంగ్లీషులో అసాల్ట్ అంటే ఎటాక్, పేపర్లో చదివే అర్థం. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ కూడా అదే అర్థం తీసుకుని "పారతో కొడితే దెబ్బేదీ, గవర్నమెంటు ఆసుపత్రి కాగితమేదీ" అని అడిగారు. మా దగ్గర లేదు. ఆ తర్వాత అవతలి వాళ్లని పిలిస్తే ఆ చిన్నాన్న ఏమన్నాడంటే, చూడండి సార్, నేను కొట్టానని అబద్ధం రాశారు, ఒంటి మీద గీత చూపించమనండి, అని. అక్కడితో మేమే అబద్ధాలకోరులం అయిపోయాం. నాన్న తలొంచుకుని బయటికొచ్చేశారు. కొట్టడానికొచ్చినోడు దర్జాగా నిలబడ్డాడు, నిజం చెప్పినాయన తలొంచుకున్నాడు, ఇది నేను ఇప్పటికీ మర్చిపోలేను.

తెలిసినవాళ్ల ద్వారా విజయనగరంలో ఒక లాయరమ్మని కలిశాం. ఆవిడ మొత్తం విని ఇండియన్ పీనల్ కోడ్ తీసి 351 సెక్షన్ చదివి వినిపించారు. దాని సారం ఏంటంటే, ఎదురుగా ఉన్న మనిషికి ఇప్పుడు వీడు నా మీద చెయ్యి చేసుకోబోతున్నాడు అని భయం కలిగేలా సైగ చేసినా, కొట్టడానికి సిద్ధపడినా, అలా భయం కలగాలనే చేసినా కలుగుతుందని తెలిసి చేసినా అది అసాల్ట్. తగలాలని ఎక్కడా లేదు. దాని కిందే చట్టం మూడు ఉదాహరణలు ఇచ్చింది. ఒకడు పిడికిలి బిగించి ఊపడం, ఇంకోడు కరిచే కుక్క మూతికి కట్టిన చిక్కం విప్పబోవడం, మూడోది, కర్ర చేతిలోకి తీసుకుని నిన్ను కొడతానని అనడం. ఆవిడ మూడోదాని మీద వేలు పెట్టి "మీ నాన్నగారికి జరిగింది 1860లోనే రాసి పెట్టారమ్మా, కర్ర బదులు పార, అంతే తేడా" అన్నారు. నాన్న ఆ పుస్తకం వైపే చూస్తూ ఉండిపోయారు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు, అయినా ఆ పేజీ ఒకసారి చేత్తో తడిమి చూశారు.

నోటి మాట ఒక్కటే అయితే అసాల్ట్ కాదని అదే సెక్షన్ చెప్తుంది, కానీ చేతి సైగకి ఆ మాట అర్థం ఇవ్వగలదు. ఊరికే పార ఎత్తితే మట్టి తవ్వుకోవడానికి ఎత్తాను అనొచ్చు, పాతేత్తాను అంటూ ఎత్తితే ఇంక ఆ మాట చెల్లదు. మాట సైగని తగ్గించను కూడా తగ్గించగలదట, దీనికి ఆవిడ ఇంగ్లండ్‌లో 1669 నాటి టబర్‌విల్ వర్సెస్ సావేజ్ అనే కేసు చెప్పారు. ఒకాయన కత్తి మీద చెయ్యేసి, జడ్జీలు ఊళ్లోకొచ్చే సీజను కాకపోయుంటే నీ దగ్గర ఇలాంటి మాటలు పడేవాణ్ణి కాదు అన్నాడట, అంటే ఇప్పుడు కొట్టను అనేగా అర్థం, అందుకని కోర్టు అది అసాల్ట్ కాదంది.

తమ్ముడూ, మీ స్టూలు విషయానికి అచ్చంగా సరిపోయే కేసు ఇంకోటుంది, 1830 నాటి స్టీఫెన్స్ వర్సెస్ మైయర్స్, ఇదీ ఇంగ్లండ్‌దే. మీటింగులో ఒకడు పిడికిలి బిగించి చైర్మన్ మీదకెళ్లాడు, కొట్టే దూరానికి చేరకముందే పక్కాయన ఆపేశాడు. అయినా అసాల్టే అని తేలింది, నష్టపరిహారం ఒక్క షిల్లింగు ఇప్పించారు. మధ్యలో ఎవరో ఆపితే ఎత్తినోడి తప్పు తగ్గిపోదు. మన కోర్టులో మన చట్టమే నడుస్తుంది, కానీ ఆలోచన ఒకటే.

ఇక మాట దగ్గరికొస్తే, నాకు ఈ గొడవలో బాగా నచ్చిన విషయం ఇదే. అసాల్ట్ అనే మాట వెనకాల ఉన్న లాటిన్ మూలానికి అర్థం మీదకి దూకడం. మన ఊళ్లో ఏ ముసలమ్మనడిగినా కొట్టడానికి, కొట్టబోవడానికి వేరే వేరే మాటలు చెప్తుంది. మీదకొచ్చాడు, చెయ్యెత్తాడు అంటే ఒకటి. చెయ్యి చేసుకున్నాడు అంటే ఇంకోటి. దెబ్బ తగిలింది, నెత్తురొచ్చింది అంటే మూడోది. చట్టంలోనూ సరిగ్గా ఇవే మెట్లు. మీదకి రావడం అసాల్ట్, ఒంటి మీద చెయ్యి పడితే క్రిమినల్ ఫోర్స్, నొప్పి పుడితే హర్ట్, ఎముకో పన్నో విరిగితే గ్రీవస్ హర్ట్. ఇంగ్లండ్, అమెరికా వార్తల్లో అసాల్ట్ అండ్ బ్యాటరీ అని చదివుంటారు, ఆ బ్యాటరీ అంటే చెయ్యి పడటం, మన కోడ్‌లో ఆ మాట లేదు, దాని చోట క్రిమినల్ ఫోర్స్ ఉంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో రెండూ కలిపేసి అసాల్ట్ అనే అంటారు కాబట్టి అక్కడి వార్త చదివి ఇక్కడ అర్థం తీసుకోకూడదు. మామూలు ఇంగ్లీషులో అయితే ఇవన్నీ కలిపి ఒక్క మాటలో పడేస్తారు, చితకబాదినా అసాల్టే, ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగినా అసాల్టే, సైన్యం కోట మీద పడినా అసాల్టే. మా కజిన్ ఆ అర్థంతో రాశాడు, స్టేషన్‌లో ఆ అర్థంతోనే చదివారు, నాన్నకి జరిగిందేమో చట్టం అర్థంలోది. తెలుగులో రాసుంటే ఈ ఇబ్బందే వచ్చేది కాదు.

లాయరమ్మ రెండోసారి కంప్లైంట్ తెలుగులోనే రాయించారు. అసాల్ట్ అనే మాటే వద్దన్నారు, దాడి అని కూడా వద్దన్నారు. పార ఏ చేత్తో పట్టుకున్నాడు, ఎంత ఎత్తుకి ఎత్తాడు, మీకూ అతనికీ మధ్య ఎన్ని అడుగులు, ఏమన్నాడు, ఆ మాట అన్నది అన్నట్టే, మీరు వెనక్కి జరిగారా, ఎవరెవరు చూశారు, ఇవన్నీ అడిగి రాయించారు. దెబ్బ తగల్లేదు అని మాతోనే స్పష్టంగా రాయించారు. ఆ ఒక్క లైనుతో అవతలాయన అబద్ధం రాశారు అనడానికి దారి మూసుకుపోయింది. నారు పీకిన ఇద్దరు ఆడవాళ్లు కూడా వచ్చి చూసింది చూసినట్టు చెప్పారు, ఒకావిడ అయితే "అమ్మా, ఆ పార అలా లేపీసరికి నాకే గుండాగిపోనాది" అంది.

ఏమైంది అంటే, పెద్ద శిక్షలేమీ పడలేదు. ఇలా ఉట్టి అసాల్ట్‌కి అప్పట్లో శిక్ష 352 సెక్షన్, మూడు నెలల వరకు జైలు లేదా 500 దాకా జరిమానా లేదా రెండూ. పైగా ఇది నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేటు ఆర్డరు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. మా విషయంలో ఆయన్ని తహసీల్దారు దగ్గర బైండోవర్ చేశారు, అంటే ఇకమీద గొడవ చెయ్యనని పూచీకత్తు రాయించుకున్నారు, సర్వేయరు వచ్చి కొలిచి రాళ్లు పాతారు, గట్టు నిజంగానే మావైపుకి జరిగి ఉంది. నాన్నకి అది చాలు. ఆ శీతాకాలం కోతలకి ఆయనే పొలంలోకి దిగారు.

ఇప్పుడు నంబర్లు మారిపోయాయి, అది జాగ్రత్త. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చింది. అందులో అసాల్ట్ నిర్వచనం 130, శిక్ష 131, జైలు మూడు నెలలే కానీ జరిమానా 1000 దాకా పెరిగింది. 351 అనే నంబరు కొత్త చట్టంలో బెదిరింపుకి, అంటే క్రిమినల్ ఇంటిమిడేషన్‌కి వెళ్లిపోయింది, పాత పుస్తకం చూసి రాస్తే తప్పైపోద్ది. ఫోన్లో చంపుతానన్నా, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినా ఆ బెదిరింపు కిందకే వస్తుంది, ఎందుకంటే మన చట్టంలో అసాల్ట్‌కి మనిషి ఎదురుగా ఉండాలి. ఇంగ్లండ్‌లో మాత్రం 1997లో మాట్లాడకుండా పదే పదే చేసిన ఫోన్ కాల్స్ కూడా అసాల్ట్ కావొచ్చని అప్పట్లో అక్కడి అన్నిటికంటే పెద్ద కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ అంది. డ్యూటీలో ఉన్న గవర్నమెంటు ఉద్యోగి మీదకెళ్తే 132, రెండేళ్ల వరకు. ఆడమనిషి గౌరవానికి భంగం కలిగించాలని మీదకెళ్తే 74, అది ఏడాదికి తగ్గదు, ఐదేళ్ల వరకు, దానికి మేజిస్ట్రేటు ఆర్డరు కోసం ఆగక్కర్లేదు, పోలీసులు నేరుగా కేసు కట్టాలి. అక్కాచెల్లెళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, తగల్లేదు కదా అని ఎవరైనా అంటే వెనక్కి రావొద్దు.

తమ్ముడూ, ఈ రాత్రే ఒక తెల్లకాగితం తీసుకుని స్టూలు ఎత్తిన దగ్గర్నుంచి పట్టుకున్నవాళ్ల పేర్ల వరకూ తెలుగులో రాసిపెట్టుకోండి, రెండు వారాలు పోతే దూరాలూ మాటలూ గుర్తుండవు. షాపులో సీసీ కెమెరా ఉంటే ఆ రికార్డింగు పోకముందే అడగండి, వాటిలో పాతది చెరిగిపోతూ ఉంటుంది. స్టేషన్‌లో ఇచ్చిన కాగితం జిరాక్స్ మీద సీలు, తేదీ వేయించుకోండి. మూడు నెలల శిక్ష ఉన్న నేరం కాబట్టి కోర్టుకెళ్లడానికి గడువు ఏడాదే, ఆ లోపు లాయర్ని కలవండి.