చలి పొద్దున అందుకోని లారీ: మేనల్లుడికి లేఖ

యశ్వంతపూర్, బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సాయంత్రం హోసకోటలో ఆపిన లారీ తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టి కొట్టి విసిగిస్తే గానీ అందుకోవడం లేదనీ, ఒకసారి అందుకున్నాక మాత్రం రోజంతా ఎక్కడ ఆపినా తాళం తిప్పగానే లేస్తోందనీ, షెడ్డుకు తీసుకుపోతే చలికి డీజిల్ గడ్డకడుతోందని చెప్పి పంపేశారనీ రాశావు. ఆ చివరి మాటను ముందు పక్కన పెట్టు. మన దేశంలో డీజిల్‌కు వర్తించే ఐఎస్ 1460 ప్రమాణం ప్రకారం, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అమ్మే డీజిల్ 6 డిగ్రీల చలిలోనూ ఫిల్టర్ గుండా పారగలగాలి. బెంగళూరులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి నాటి మాట. ఎండాకాలంలో నింపిన డీజిల్‌తో నెలల తరబడి కదలకుండా నిలబడిన బండి అయితే కొంత అనుమానించవచ్చు గానీ, రెండు రోజులకొకసారి బంకుకు వెళ్లే నీ లారీకి ఆ మాట అతకదు.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదని నీకు తెలుసు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో అదిమినప్పుడు ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కడం వల్లనే డీజిల్ అంటుకుంటుంది. ఇంజిన్ నిదానంగా తిరిగితే ఆ వేడి చల్లని సిలిండర్ గోడల్లోకి పోతుంది, గాలి రింగుల పక్క నుంచి జారిపోతుంది. చలి వల్ల బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, లోపలికి వచ్చే గాలి కూడా చల్లగా ఉంటుంది. ఈ మూడూ ఒకేసారి మీద పడటంతో మధ్యాహ్నం బయటపడని చిన్న లోపం పొద్దున బయటపడుతుంది. కాబట్టి బండిని పదకొండింటికి వేడి ఇంజిన్‌తో షెడ్డుకు తోలుకుపోయి చూపించడం వల్ల ప్రయోజనం లేదు. మెకానిక్‌నే తెల్లవారుజామున బండి దగ్గరికి పిలిపించు, లేదా ముందురోజు రాత్రే బండిని షెడ్డులో వదిలి, తాను వచ్చేదాకా ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదని గట్టిగా చెప్పిరా. దీనికి రెండు వందలు ఎక్కువ అడిగినా ఇవ్వు; చూడకుండా మార్చిన ఒక్క ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) ఖరీదు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

ఆ సమయంలో నీవు తాళం దగ్గర కూర్చుని, క్లీనర్‌ను సైలెన్సర్ వెనక నిలబెట్టు. సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరిగితే లోపం కరెంటు వైపు ఉన్నట్టు. చురుగ్గానే తిరుగుతూ పొగ బొత్తిగా రాకపోతే డీజిల్ సిలిండర్‌కు చేరడం లేదు. చురుగ్గా తిరుగుతూ తెల్లపొగ దట్టంగా వస్తూ కళ్లు మండిస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ కాలడం లేదు. ఈ మూడింటిలో ఏదో తేలకముందు ఒక్క నట్టు కూడా విప్పనివ్వకు.

సెల్ఫ్ నిదానమైతే బ్యాటరీల నుంచి మొదలుపెట్టు. రాత్రంతా ఆగిన బండిలో ఒక్కొక్క బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 చూపిస్తే సగమే ఛార్జి ఉన్నట్టు లెక్క. అయితే నిలకడగా ఉన్నప్పటి అంకెను నమ్మి ఊరుకోకూడదు. సెల్ఫ్ తిరుగుతుండగా రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలిపించు. రెండూ వరుసలో కలిపి ఉన్నందువల్ల వాటి గుండా పారే కరెంటు ఒక్కటే కాబట్టి, ఒకటి 10.5 దగ్గర నిలిచి రెండోది 8కి జారితే దోషి ఏదో ఇక అడగనక్కరలేదు. నీ లారీలో పాటల పెట్టెకూ ఫోన్ ఛార్జరుకూ ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టుల వైరు లాగి ఉందని నాకు గుర్తు. ఆ పని చాలా లారీల్లో చేస్తారు, చాలా బ్యాటరీలు దానివల్లనే చస్తాయి. ఆ ఒక్కటీ రోజూ తరుగుతూ ఉంటుంది, డైనమో మాత్రం జంటను ఒకటిగా చూసి ఛార్జి చేస్తుంది, దాంతో ఒకటి ఎప్పుడూ ఆకలితో ఉంటే రెండోది అతిగా ఛార్జి అయి నీళ్లు ఎండిపోతుంది. ఆ వైరు తీయించి 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ పెట్టించు. బ్యాటరీ మార్చవలసి వస్తే రెండూ ఒకేసారి, ఒకే రకానివి మార్చు.

బ్యాటరీలు బాగుండి కూడా సెల్ఫ్ ఈడుస్తుంటే ఎర్త్, అంటే ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగి వచ్చే దారి, చూడాలి. మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ కమ్మికే ఆనించి (దాని మీది క్లాంపుకు కాదు), రెండో కొనను ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే దారిలో ఎక్కడో తుప్పు ఉన్నట్టే. గేర్‌బాక్స్ పక్కన ఛాసిస్‌కు బిగించిన అల్లిక పట్టీని విప్పి చూడు. పైకి బాగానే కనిపించినా బోల్టు తల కింద ఎర్రటి పొడి రాలుతుంది. ఉప్పు కాగితంతో రుద్ది, వాసెలిన్ రాసి బిగిస్తే సరిపోతుంది. ఆయిల్ మార్చినప్పుడు ఎవరైనా 15డబ్ల్యూ-40 బదులు చిక్కటి 20డబ్ల్యూ-50 పోశారేమో కూడా అడుగు. సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కితే గేర్‌బాక్స్‌లోని చిక్కటి ఆయిల్ బరువు ఇంజిన్ మీద పడదు. పది సెకన్లకు మించి ఏకబిగిన కొట్టకు, కొట్టిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగు.

పొగ రాకపోతే నా అనుమానం గాలి మీదికి పోతుంది. పొద్దున తాళం ముట్టుకోకముందే డీజిల్ లైనులోని హ్యాండ్ పంపు నొక్కి చూడు. మొదటి నొక్కుకే గట్టిగా ఉంటే లైనులో డీజిల్ నిలిచే ఉంది. మెత్తగా లోపలికి పోయి, చాలాసేపు నొక్కాక గట్టిపడి, ఆ తర్వాత ఇంజిన్ వెంటనే అందుకుంటే, రాత్రి డీజిల్ ట్యాంకులోకి జారిపోయి దాని చోట గాలి చేరిందన్నమాట. ఇది పీల్చే వైపు లోపం కాబట్టి బయట చుక్క కూడా కారకపోవచ్చు; కారడం లేదు గనక లీకు లేదనే మెకానిక్ మాట వినకు. ట్యాంకుకూ పంపుకూ మధ్య ఒక మూర పొడవు పారదర్శకమైన డీజిల్ గొట్టం తాత్కాలికంగా వేయిస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. ఫిల్టర్ కింది రబ్బరు రింగు, బోల్టుల దగ్గరి రాగి వాషర్లు, గొట్టాల క్లిప్పులు, ట్యాంకు పైన గొట్టం దిగేచోటు, ఈ వరసలో వెతికించు. ఫిల్టర్ మార్చి ఎన్నాళ్లయిందో, వాటర్ సెపరేటర్‌లో నీరు తీశారో లేదో చెప్పనక్కరలేదు కదా.

నీది కామన్ రైల్ బండి, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం (రైలు) ఉన్నది. రైలులో కనీస ఒత్తిడి రానిదే కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. ఇంజెక్టర్లు అరిగి డీజిల్‌ను ఎక్కువగా వెనక్కి వదులుతుంటే, సెల్ఫ్ వేగానికి ఆ ఒత్తిడి పుట్టకపోవచ్చు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒత్తిడి ఎంత వస్తోందో స్కానర్‌లో చూపించమను, ఇంజెక్టర్ల రిటర్న్‌ను సీసాల్లో పట్టి పోల్చమను. పాత బండ్లలో లాగా పైపు నట్టు వదులు చేసి ఎయిర్ తీయడం మాత్రం ఇందులో ప్రాణాంతకం. ఆ ఒత్తిడికి సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

తెల్లపొగ వస్తుంటే ముందుగా ఇంజిన్‌లోకి పోయే గాలిని వేడిచేసే హీటర్‌కు కరెంటు అందుతోందో లేదో, దాని రిలే పనిచేస్తోందో లేదో చూడాలి. హీటర్ దీపం ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టే ఓపిక డ్రైవర్లకు తక్కువ, ఇది నీకూ వర్తిస్తుంది. అది బాగుంటే టప్పెట్ సందు (వాల్వుల దగ్గర వదిలే ఖాళీ), ఆ పైన కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి అదిమే బలం) చూడాలి. పొగ గొట్టాన్ని మూసి బండి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు రెక్క మూసుకుని ఇరుక్కున్నా ఇంజిన్‌కు ఊపిరాడదు. చేత్తో కదిపి చూడటానికి నిమిషం పట్టదు.

ఇంజిన్ త్వరగా అంటుకోవాలని గాలి దారిలో ఈథర్ స్ప్రే కొడతామంటే ఎవరినీ కొట్టనివ్వకు. హీటర్ ఉన్న ఇంజిన్‌లో అది దారిలోనే పేలుతుంది. ఆయిల్ చాంబర్ కింద మంట పెట్టడం, ట్యాంకులో కిరసనాయిలు కలపడం కూడా వద్దు. కామన్ రైల్ పంపుకు డీజిల్‌లోని జిడ్డే కందెన, కిరసనాయిలు దాన్ని పలచబరుస్తుంది.

ఉత్తరాదికి లోడు దొరికి కాశ్మీరు వైపు వెళితే మాత్రం డీజిల్ గడ్డకట్టడం నిజమే అవుతుంది. ఇక్కడి డీజిల్‌ను దారిలో ఖర్చు చేసి, చలి ప్రాంతంలో అక్కడి బంకులోనే నింపుకో. లడాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చిన శీతాకాలపు డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. బెంగళూరులో అది అక్కరలేదు. రేపు పొద్దున బ్యాటరీల అంకెలూ పొగ రంగూ చూసి నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మామయ్య