గ్లౌజు తొడిగే ముందు

చి. సౌజన్యకు, అత్త ఆశీర్వదించి రాసేది.

ఆదివారం నువ్వు ఫోన్‌లో అన్న మాట నా మనసులోనే ఉండిపోయింది. "రాత్రి పన్నెండు దాటితే కుళాయిలో నీళ్లు రావు, మొన్న ఒక్క రాత్రే మూడు కాన్పులు, ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నిసార్లు చేతులెలా కడుక్కుంటాం అత్తా?" అన్నావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా లేబర్ రూముల్లోనే గడిపాను కాబట్టి నీ టెన్షన్ నాకు తెలుసు.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక నైట్ డ్యూటీలో ఇద్దరికి ఒకేసారి నొప్పులొచ్చాయి. చేతులు శుభ్రంగానే కడుక్కుని గ్లౌజులు వేసుకున్నాను. వెలుతురు చాలక ఆ చేత్తోనే లైటు దగ్గరికి లాగాను. బొడ్డు కట్టే దారం కోసం సొరుగు తెరిచాను. జారిన ఏప్రాన్ సర్దుకున్నాను. అదే చేత్తో ఆ తల్లికి పీవీ, అంటే లోపల చేయి పెట్టి చూసే పరీక్ష, చేశాను. మూడో రోజుకి ఆమెకి చలితో జ్వరం, మైలకు దుర్వాసన. చాలా రోజులు ఇంజెక్షన్లు పడ్డాయి, బిడ్డను దగ్గర పెట్టుకుని పాలివ్వలేకపోయింది. దేవుడి దయవల్ల బతికింది. అది నా చేతి వల్లే అని రుజువు లేదు. కాదని కూడా నేను చెప్పలేను. గ్లౌజు ఉంది కదా అన్న ధీమా ఆ రాత్రితో పోయింది. గ్లౌజు శుభ్రంగా ఉండేది అది మొదటి వస్తువును ముట్టుకునేదాకానే.

అందుకే నా మొదటి సలహా కడుక్కోవడం గురించి కాదు, సర్దుకోవడం గురించి. తల్లిని టేబుల్ మీదికి తెచ్చేసరికే లైటు సరిచేసి పెట్టుకో. డెలివరీ ట్రే తెరిచి, క్లాంపులు, కత్తెర, బిడ్డను తుడిచే గుడ్డలు చేతికందేలా పెట్టుకో. కాన్పయ్యాక రక్తం ఎక్కువ పోకుండా ఇచ్చే ఆక్సిటోసిన్ మందు సిరంజిలోకి ఎక్కించి ఉంచు. కేసు షీటులో రాయాల్సింది రాసేయ్. ఫోన్ బయట పెట్టు. గ్లౌజు కవర్ విప్పి పెట్టుకో. ఇవన్నీ అయ్యాకే చేతులు కడుక్కుని, ఆరాక గ్లౌజు తొడుగు. అప్పటినుంచి నీ చేతులు తల్లివి, బిడ్డవి. తలుపు, సొరుగు, రిజిస్టరు, కర్టెను ఏది ముట్టుకోవాల్సి వచ్చినా ఆయమ్మ చేతులు వాడుకో. ఆమెకు ముందే చెప్పు, "అమ్మా, గ్లౌజు వేసుకున్నాక ఏం కావాలన్నా నిన్నే అడుగుతాను" అని. మరిచిపోయి నువ్వే ఏదైనా ముట్టుకుంటే మొహమాటం లేకుండా ఆ గ్లౌజు తీసెయ్, మళ్లీ మొదటినుంచి చెయ్యి. ఒక జత ఖర్చయిందని స్టోర్స్ వాళ్లు గొణిగితే గొణగనీ.

ఇక నీళ్లు. సాయంత్రమే ఒక మూత డ్రమ్ము నింపించి పెట్టించు, కింద కుళాయి ఉన్నది. మగ్గుతో ముంచుకునే బకెట్టు వద్దు. అందరి చేతులూ పడి ఆ నీళ్లు పాడవుతాయి. మా రోజుల్లో మందు నీళ్ల బేసిన్ ఒకటి పెట్టి పొద్దుటినుంచి అందరం అందులోనే చేతులు ముంచేవాళ్లం. శుభ్రం చేసుకుంటున్నాం అనుకుంటూ ఒకరి క్రిములు ఒకరికి పంచుకున్నాం. సబ్బుతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కొసలు వదిలేస్తారు, చూసుకో. తుడుచుకోవడానికి గోడకు వేలాడే ఆ ఒక్క తువ్వాలు ముట్టుకోకు. గాలికి ఆరనీ, లేదా ఒకసారి వాడి పడేసే కాగితం వాడు. సబ్బు సీసా సగమైందని దానిమీదే కొత్తది పోయనివ్వకు, సీసా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టాకే నింపాలి.

చేతులకు రక్తం, ఉమ్మనీరు ఏమీ అంటకపోతే హ్యాండ్ రబ్ (చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ మందు) చాలు. అరచేతి నిండా తీసుకుని 20-30 సెకన్లు, ఆరేదాకా రుద్దు. నీళ్లు లేని రాత్రి అదే నిన్ను కాపాడుతుంది, కాబట్టి సీసాను ప్రతి బెడ్ దగ్గరా పెట్టించు. చేతులు కంటికి కనిపించేలా మురికైతే మాత్రం అది పనిచేయదు, సబ్బూ నీళ్లే కావాలి. గ్లౌజు తీసేశాక కూడా కడుక్కోవాలి. కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, తీసేటప్పుడూ అంటుతుంది.

పీవీలు తగ్గించు. నొప్పులు సక్రమంగా సాగుతుంటే నాలుగు గంటలకు ఒకసారి సరిపోతుంది. టైము పార్టోగ్రాఫ్‌లో (నొప్పులు ఎలా సాగుతున్నాయో రాసే చార్టులో) రాసి పెడితే, తర్వాత డ్యూటీకి వచ్చినవాళ్లు గంటలోపే మళ్లీ చేయరు. చేయి లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆ తల్లికి ప్రమాదమే.

గాజుల సంగతి చెప్పడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది. పెళ్లయి ఏడాది కాలేదు, మీ అత్తగారు ఏమనుకుంటారో అని నీకు ఉంటుంది. అయినా డ్యూటీలో గాజులు, ఉంగరాలు, వాచీ తీసెయ్యి. వాటి కింద చేయి శుభ్రపడదు. చిన్న సంచీలో వేసి బీరువాలో పెట్టుకో, ఇంటికెళ్లే ముందు వేసుకో. కావాలంటే ఆవిడతో నేను మాట్లాడతాను. గోళ్లు పొట్టిగా ఉండాలి, పాలిష్ వద్దు. గోరింటాకు ఫర్వాలేదు. డ్యూటీ అయ్యాక చేతులకు కొబ్బరినూనె రాసుకో. చర్మం పగిలితే క్రిములు అక్కడే చేరతాయి, కడుక్కోవడానికే భయం వేస్తుంది.

పెద్ద డాక్టర్లు చేతులు శుభ్రం చేసుకోకుండా టేబుల్ దగ్గరికొస్తే ఏం చేయాలని అడిగావు. నేను మాట అనేదాన్ని కాదు. హ్యాండ్ రబ్ సీసా పట్టుకుని ఎదురెళ్లేదాన్ని. చాలామంది చేయి చాపేవారు. ఒకరిద్దరు కోపగించుకున్నారు, అయినా నేను మానలేదు.

ఈ పట్టుదల ఎందుకంటే, 1795లోనే స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ గార్డన్ అనే డాక్టరు బాలింత జ్వరం కాన్పు చేసేవాళ్లతోనే ఇంటింటికీ పోతోందని రాశాడు. తానే చాలామందికి దాన్ని మోసుకెళ్లానని పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఊరు అతని మీద మండిపడింది. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు తోటి డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. 1846లో నూటికి 11 మంది తల్లులు పోయిన వార్డులో 1848కి ఆ లెక్క ఒకటికి కాస్త పైన ఆగింది. అతన్నీ నమ్మలేదు. గార్డన్ ఒప్పుకోలు చదివిన రోజు నాకు ఆ రాత్రి నా చేతిలోని లైటు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. (మీ దగ్గర బ్లీచింగ్ నీళ్లు పరికరాలకే. చేతులు అందులో ముంచకు, సబ్బు ఉంది కదా.)

బిడ్డ పుట్టాక కూడా జాగ్రత్త. ఎత్తుకునే అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ముందు చేతులు కడుక్కోవాలి. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏదీ రాయనివ్వకు. కసురుకోకుండా చెప్పు, వింటారు.

రేపు పొద్దున్నే మెడికల్ ఆఫీసర్ మేడమ్ దగ్గరికి వెళ్లి కుళాయి డ్రమ్ము అడుగు. హెచ్‌డీఎస్ (ఆసుపత్రి అభివృద్ధి సంఘం) నిధుల్లోంచి కొనొచ్చేమో చూడమను. ఏమన్నారో సాయంత్రం ఫోన్ చెయ్యి, నేను మెలకువగానే ఉంటాను.

మీ అత్త