బొబ్బ లేచినా నొప్పి లేదంటే జాగ్రత్త పడాలి

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఆరు నెలలుగా పాదాలు మొద్దుబారి చల్లగా ఉంటున్నాయి. రోజూ రాత్రి వేడినీళ్లలో ఉప్పు వేసి కాళ్లు పెడుతున్నాను. మొన్న మడమ పక్కన బొబ్బ లేచింది గానీ నొప్పి లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన నరాల మాత్రలు మూడు నెలలుగా వేసుకుంటున్నాను. రక్తప్రసరణకు ఏ నూనె మర్దన చేయాలి? గిరిప్రదక్షిణ చేయవచ్చా? - ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: నూనె సంగతి తర్వాత. మీరు మాటవరసకు రాసిన బొబ్బే నన్ను కంగారు పెడుతోంది. నీళ్లు కాలేంత వేడిగా ఉన్నా మీ కాలికి తెలియలేదు. రేపటికల్లా డాక్టర్‌కి చూపించండి. దాన్ని గుచ్చకండి, పసుపూ పేస్టూ పెట్టకండి. ఎర్రబడి వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, వేలు నల్లబడినా రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి.

వేడినీళ్లు ఈ రోజుతో మానేయండి. ఒకాయన ఓపీలో బూటు విప్పితే అట్టలోంచి మేకు మొన పైకి పొడుచుకొచ్చి ఉంది. పొద్దున్నుంచీ దాని మీదే నడిచారు. సాక్సుకు అంటిన రక్తం చూశాకే ఆయనకు తెలిసింది. మొద్దుబారిన పాదం అంటే ఇదీ.

పాదం చల్లగా ఉందని రక్తం అందట్లేదనుకోనక్కర్లేదు, నరాలు దెబ్బతిన్నా అలా అనిపించవచ్చు. నడుస్తుంటే పిక్కలు పట్టేసి, ఆగగానే తగ్గుతోందా? మీరు రాయలేదు. పాదం మీద నాడి చూడాలి. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తాం. ఆ నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే కాలి రక్తనాళాలు సన్నబడ్డాయని అనుమానిస్తాం. షుగర్ వల్ల నాళాలు గట్టిపడితే ఈ లెక్క బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు, అప్పుడు రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ వంటి పరీక్షలు అవసరమవుతాయి. సిగరెట్, చుట్ట, అడ్డపొగ (నిప్పు నోట్లో పెట్టి చుట్ట కాల్చడం) ఏది ఉన్నా మానాల్సిందే.

ఇక ఆ నరాల మాత్రలు. వాటిలో సాధారణంగా బి12 విటమిన్ ఉంటుంది, అది తగ్గితే కాళ్లు మొద్దుబారవచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గే మాట నిజమే. కానీ ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి కదండీ! మాత్రలు మింగుతూ పరీక్ష చేయిస్తే బి12 బాగానే కనిపిస్తుంది, అసలు లోటు ఉండేదో లేదో ఇక తేలదు. ఈలోగా మూడు నెలలు పోయాయి. వాటిలో బి6 ఎక్కువ మోతాదులో ఉండి చాలాకాలం వాడితే నరాలకే చేటు. ఆ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి.

మర్దనతో మూసుకుపోయిన నాళం తెరుచుకోదు. బొబ్బ మానాక పగుళ్లకు కొబ్బరినూనె రాసుకోవచ్చు, వేళ్ల సందుల్లో వద్దు. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడవడం మాత్రం ఈ ఏడాది వద్దండి. బస్సులో పైకి వెళ్లి అప్పన్నను దర్శించుకోండి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి, రోజూ అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోండి.

చూడకుండా ఇంతకంటే చెప్పలేను. ఆసుపత్రిలో షుగర్ రిపోర్టు ఒక్కటే చూపించి వచ్చేయకండి, రెండు పాదాలూ చూడమని అడగండి.