లింకులు పోయింది ప్రింట్ దారిలోనే

మాస్టారూ, పర్లాకిమిడి పిల్లల కోసం చేసిన తెలుగు నోట్సులో లింకులు వర్డ్‌లో తెరుచుకుంటున్నాయి, పీడీఎఫ్‌లో నొక్కితే కదలడం లేదన్నారు. కంట్రోల్ పీ కొట్టి ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ ఎంచుకున్నానని రాశారు కదా, తేడా అక్కడే వచ్చింది. అదీ ఒక ప్రింటర్ లాంటిదే, కాగితం బదులు పీడీఎఫ్ ఇస్తుంది. ప్రింటర్‌కి వెళ్ళేది కాగితం మీద కనిపించేది మాత్రమే. లింకు అంటే అక్షరాల మీద పరిచిన, కంటికి కనపడని పెట్టె. ప్రింట్‌లో అది రాదు. నీలం రంగు, కింద గీత వస్తాయి కాబట్టి లింకు ఉందనే అనుకుంటాం.

ఫైల్ మెనూలో సేవ్ యాజ్ నొక్కి, రకం దగ్గర పీడీఎఫ్ పెట్టండి. వర్డ్ బదులు లిబ్రే ఆఫీస్ వాడుతుంటే ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్.

రెండు లింకులు మాత్రం పనిచేస్తున్నాయన్నారు. అవి పూర్తి అడ్రసు టైప్ చేసినవి అయ్యుంటాయి. అలాంటి అక్షరాల్ని చాలా పీడీఎఫ్ యాప్‌లు వాటంతట అవే లింకుగా గుర్తిస్తాయి. కానీ అడ్రసు విరిగి రెండో లైనులోకి పోతే, చాలాసార్లు మొదటి లైను వరకే పట్టుకుంటాయి. రాయగడలో మా షాపుకొచ్చిన ఒక పెళ్ళి కార్డులో మ్యాప్ లింకు ఇలాగే సగంలో తెగింది, పాపం ఆ పెళ్ళివారికి ఎంత టెన్షనో! అందుకే అడ్రసు బదులు ‘పాఠం వినండి’ అని రాసి, ఆ మాటకే లింకు ఇవ్వండి.

ఆడియో లింకులు సీ డ్రైవ్‌తో మొదలవుతుంటే అవి మీ కంప్యూటర్‌లోనే తెరుచుకుంటాయి. ఆ ఆడియో ఫైళ్ళని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింకు ఉన్నవాళ్ళెవరైనా చూసేలా అనుమతి ఇచ్చి, ఆ లింకునే నోట్సులో పెట్టండి. పిల్లలకి పంపేముందు వేరే ఫోన్‌లో ఒక్కో లింకూ నొక్కి చూడండి మాస్టారూ.