నీళ్ల సంఘం పెట్టిన మా అమ్మాయికి

నల్లగొండ

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మర్రిగూడ మండలంలోని మీ అత్తగారి ఊళ్లో పదకొండు మంది ఆడవాళ్లు కలిసి నీళ్ల సంఘం పెట్టారని చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మీ ఊళ్లో ఇక బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో పళ్లు, ఎముకలు పాడయ్యే బాధ లేదని ఆరోగ్య అధికారి తేల్చి చెప్పాడని, బడి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి వాళ్ల గారపళ్లు చూపించి ఆఫీసు ముందు కూర్చుంటామని రాశావు. కూర్చోండి, తప్పులేదు. కానీ పిల్లల పళ్లు సాక్ష్యంగా పెట్టుకుని మాత్రం వెళ్లకండి.

పంటి మీద ఆ గోధుమరంగు చార ఎప్పుడు పడుతుందో తెలుసా? పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతున్నప్పుడు. పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల లోపు తాగిన నీళ్లు అక్కడ ముద్ర వేస్తాయి. ఆ తర్వాత గంగాజలం తాగించినా అది పోదు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం మొదలైంది 2016లో. పదో తరగతి పిల్ల ముందు పళ్లు అంతకు ముందు తాగిన నీళ్ల సంగతి చెబుతాయి గానీ నిన్నటి నీళ్ల సంగతి చెప్పవు. అధికారి ఆ ఒక్క మాట అంటే మీ దగ్గర జవాబు ఉండదు. ఒక్కసారి తప్పు దొరికితే, ఆ తర్వాత మీరు చెప్పే పది నిజాలు వినేవాళ్లు ఉండరు. ఇప్పటి సంగతి తెలియాలంటే నీళ్లు పరీక్షించాలి, పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చూడాలి. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు నివారణకు కేంద్రం 2008-09లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో ఈ మూత్ర పరీక్ష కూడా ఉంది. మీరు అడగాల్సింది అదే. వాళ్ల కార్యక్రమంలో వాళ్లే రాసుకున్న పని చేయమని అడిగితే కాదనడం ఎవరికైనా కష్టం.

మేము నేర్చుకున్నది దెబ్బ తిని నేర్చుకున్నాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను, మరో ఇద్దరు టీచర్లు నాలుగు ఊళ్లు తిరిగి ఇరవై సీసాల్లో బోరు నీళ్లు పట్టి ఒక ఆఫీసుకు మోసుకెళ్లాం. ఒక్క సీసా మీద కూడా పేరు రాయలేదు. ఏ సీసా ఏ బోరుదో దారిలోనే కలిసిపోయింది. అక్కడి గుమాస్తా ఒక్కొక్క సీసా ఎత్తి చూసి, 'ఇది ఎక్కడిది, ఇది ఎప్పటిది' అని అడుగుతుంటే మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నీళ్లన్నీ అక్కడే పారబోసి వచ్చాం. మా వెంట వచ్చిన ఒక రైతు ఉన్నాడు. పేరు పెట్టి పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసేవాడు. ఆ రోజు బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆయన పక్కన కూర్చోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

అందుకే చెబుతున్నాను. ప్లాస్టిక్ సీసానే వాడండి, ఫ్లోరైడ్ పరీక్షకు అదే సరైనది. బోరు నీళ్లను కాసేపు పారనిచ్చి, ఆ నీళ్లతోనే సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించండి. సీసా మీద అక్కడికక్కడే చెరగని సిరాతో తేదీ, సమయం, ఎవరి బోరు, ఎవరు పట్టారు అన్నది రాయండి. ప్రతి బోరుకు రెండు సీసాలు పట్టండి. ఒకటి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు, ఇంకొకటి మరో ప్రయోగశాలకు ఇవ్వండి. రెండు లెక్కలూ దగ్గరగా వస్తేనే నోరు తెరవండి. రంగు మారే చిన్న కిట్లు ఏ బోరును ముందు చూడాలో తెలుసుకోవడానికి పనికొస్తాయి. అర్జీకి జతపరచడానికి మాత్రం ప్రయోగశాల కాగితమే కావాలి. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు.

ఇంకొకటి. ఇంటింటికీ వెళ్లినప్పుడు 'ఏ నీళ్లు తాగుతున్నారు' అని అడిగి ఊరుకోకండి. 'అన్నం ఏ నీళ్లతో వండుతున్నారు, పప్పు ఏ నీళ్లతో ఉడుకుతోంది, పొలానికి సీసాలో ఏ నీళ్లు పట్టుకెళ్తున్నారు' అని అడగండి. తాగడానికి నల్లా నీళ్లు, వంటకు ఇంటి ముందున్న బోరు నీళ్లు వాడే ఇళ్లు నేను చాలా చూశాను. నల్లా రాని రోజు అన్నిటికీ బోరే. మరిగిస్తే పోతుందనుకునే అమ్మలు ఇంకా ఉన్నారు. మరిగిస్తే నీళ్లు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. అధికారి లెక్కలో ఆ ఇల్లు 'నల్లా ఉన్న ఇల్లు'. కాబట్టి ఆయన చెప్పింది అబద్ధం కాకపోవచ్చు, ఆయన లెక్క వంటింటి గడప దాటలేదు, అంతే. మీ సంఘం పని అక్కడే ఉంది.

నల్లగొండ పేరుతో ఒక పద్ధతే ఉంది, విన్నావా? నాగపూర్‌లోని నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే విధానం కనిపెట్టి దానికి మన జిల్లా పేరు పెట్టారు. శాస్త్రం తప్పు కాదు. కానీ రోజూ కొలిచి కలపాలి, తేరనివ్వాలి, అడుగున పేరుకున్న మడ్డి పారబోయాలి. కూలికి వెళ్లే తల్లికి పొద్దున్నే అంత తీరిక ఎక్కడిది? ఆ మాట శాస్త్రవేత్తలకు చెప్పగలిగేది బిందె మోసేవాళ్లే.

1996 సంగతి మీ తరానికి తెలియదు. దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి పిలుపు మీద వందల మంది నామినేషన్లు వేస్తే, నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది బరిలో నిలిచారు. పోలింగే వాయిదా పడింది. దాదాపు అందరి ధరావతు పోయినా మన నీళ్ల గోడు దేశమంతా విన్నది. తర్వాత శివన్నగూడెం అంశాల స్వామి లాంటి బాధితులు ఢిల్లీ వెళ్లి ప్రధాని వాజపేయి ఎదుట నిలిచారు. స్వామి 2023 జనవరిలో పోయాడు. ఆయన తన శరీరాన్ని తానే లోకానికి చూపించాడు, అది ఆయన నిర్ణయం. మీ ఊళ్లో వంకర కాళ్ల వాళ్ల ఫొటో తీయాలనుకుంటే ముందు పక్కన కూర్చుని, ఫొటో ఎక్కడికి వెళ్తుందో చెప్పి అడగండి. వద్దంటే మళ్లీ అడగకండి.

ఇప్పుడు కాస్త గట్టిగా చెబుతాను, కోపం తెచ్చుకోకు. మీలో ఒకామె 'సర్కారు డాక్టర్లు చెప్పేదంతా మోసం, టీకాలు కూడా వద్దు' అంటోందని రాశావు. ఆ మాటను సంఘంలో ఒక్కరోజు కూడా నిలవనివ్వకు. తండా తండాకూ తిరిగి ఆశా కార్యకర్తలు వేసిన చుక్కల వల్లే మన దేశం 2014లో పోలియో లేని దేశమని గుర్తింపు పొందింది. ఎముకలు వంగిన ఊళ్లో పిల్లలకు పోలియో కూడా వస్తే ఏమిటి గతి? ఎముకలు నిలబెడతామని లేహ్యాలు అమ్మేవాళ్లు కూడా మీ దగ్గరికి వస్తారు. ముదిరిన ఫ్లోరోసిస్‌ను వెనక్కు తిప్పే మందు లేదు. మంచి నీళ్లు, పాలు, ఆకుకూరలు, కొందరికి శస్త్రచికిత్స, ఇంతే. ఆ లేహ్యాల వాళ్ల చేత సంఘం పేరు చెప్పించకు. మీ ఊరి ఆశా కార్యకర్తను, నర్సమ్మను సమావేశానికి పిలువు. ఏ ఇంట్లో ఎవరికి నడుము పట్టేసిందో వాళ్లకు తెలిసినంతగా జిల్లా ఆఫీసులో ఎవరికీ తెలియదు.

కాగితాల సంగతి. సమాచార హక్కు కింద మీ ఊరి బోర్ల పాత పరీక్షల లెక్కలు అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చినప్పుడు రసీదు చేతికి వచ్చేదాకా కదలకండి. ఆ తర్వాత కూడా కదలిక లేకపోతే అప్పుడు కూర్చోండి, నేనూ వచ్చి కూర్చుంటాను.

సీసాల గొడవ జరిగిన తర్వాత నేను ఒక నోటుబుక్కు పెట్టాను. మీ ఊరి బోర్లు తొమ్మిది అందులో ఉన్నాయి, తేదీలతో, లెక్కలతో. వాటిలో ఎన్ని ఇంకా నడుస్తున్నాయో కనుక్కుని రాయి. ఆదివారం పొద్దున దేవరకొండ బస్సుకు ఆ నోటుబుక్కు పట్టుకుని వస్తాను. కొత్త సీసాలు కొని ఉంచు.

ఇట్లు
మీ పెద్దనాన్న