పాటలో రాగం దక్కని పార్ట్ పాడేవాళ్ళని అడగండి

క్రిస్మస్ రోజుల్లో చర్చిలో క్వయర్, అంటే పాడే బృందం, నాలుగు గొంతుల్లో పాడుతుంటే ఒళ్ళు ఎందుకు జలదరిస్తుంది, అందులో నిజంగా ఆధ్యాత్మిక అర్థం ఏమైనా ఉందా, లేక అంతా సంగీతం మహిమేనా అని అడిగారు. అర్థం ఉంది. అది వినేవాళ్ళకంటే పాడేవాళ్ళకి బాగా తెలుస్తుంది. నేను ముప్పై ఏళ్ళ పైనుంచి పర్లాకిమిడిలో మా సంఘం క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది గొంతు, పాడుతున్నాను కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

పర్లాకిమిడి అంటే ఒడిశాలో గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు మా ఊరు అటు చేరింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండ దిగి సంతకొచ్చే సవర గిరిజనులతో రెండూ కలిపి మాట్లాడతాం.

క్వయర్‌లో పాట సొప్రానో వాళ్ళది, అంటే ఆడవాళ్ళ పై గొంతుది. జనం ఇంటికి వెళ్తూ కూనిరాగం తీసేది వాళ్ళు పాడిందే. మగవాళ్ళ పై గొంతు టెనార్‌కి అక్కడక్కడా మంచి మలుపులొస్తాయి. మగవాళ్ళ కింది గొంతు బేస్ లేకపోతే పాటకి కింద నేల ఉండదు. ఆల్టో మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఒకే స్వరం మీద ఆరేడు అక్షరాలు, తర్వాత ఒక మెట్టు కిందకి, మళ్ళీ అక్కడికే. నాకు పదహారేళ్ళప్పుడు, క్వయర్ నడిపే మా మావయ్య నన్ను సొప్రానోలోంచి తీసి ఆల్టోలో నిలబెట్టాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. నా పార్ట్ ఇంట్లో పాడుకుంటుంటే అమ్మ వంటింట్లోంచి "ఏ పాటే అది, ఎప్పుడూ విన్లేదు" అనేది. ఆవిడ చిన్నప్పటినుంచి ప్రతి క్రిస్మస్‌కీ పాడుతున్న పాటే అది.

నెల రోజులు ఎవరి పార్ట్ వాళ్ళం విడిగా నేర్చుకున్నాక ఒక శనివారం రాత్రి మావయ్య అందరినీ కలిపాడు. హార్మోనియం మీద ఒక్క మెట్టు నొక్కి సురం ఇచ్చి మూత వేసేశాడు. మొదటి చరణం సగానికి రాకముందే, నెల రోజులుగా నాకు విసుగు తెప్పించిన ఆ మొండి స్వరం కిందకి బేస్ వచ్చింది, పైకి సొప్రానో వచ్చింది. నేను ఒక్క అక్షరం మార్చలేదు. కానీ అది వేరే స్వరం అయిపోయింది. ఆ కంగారులో గట్టిగా పాడేశాను. మావయ్య ఆపేసి అన్నాడు: "నీ గొంతు నీకు ఇనబడతందంటే నువ్వు గట్టిగా పాడతన్నావన్నమాట. పక్కోల గొంతు ఇనుకుంటూ పాడమ్మా." నేను విన్న ప్రసంగాలన్నిటిలో నా మీద పనిచేసింది ఆ ఒక్క మాట.

ఆయన దగ్గర అట్ట చిరిగిన ఒక నోటుబుక్కు ఉండేది. గీతల మీద గుడ్లు పెట్టినట్టు ఉండే పియానో నొటేషన్ కాదు, డ, ర, మ, ఫ అని అక్షరాలు, మధ్యలో చుక్కలు. దాన్ని టానిక్ సోల్‌ఫా అంటారు. వాయిద్యం కొనలేని మామూలు జనం, సండే స్కూల్ పిల్లలు నాలుగు పార్టులూ పాడగలగాలని 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో జాన్ కర్వెన్ అనే పాస్టర్ దాన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు. మిషనరీలతో పాటు అది ఊరూరికీ పాకింది. క్వయర్ అంటే డబ్బున్న చర్చిల వ్యవహారం అనుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పాలి.

ఇప్పుడు ఆ నోటుబుక్కు చదివే పిల్లలు లేరు. ఇంకో బాధ కూడా చెప్పుకుంటాను. మా క్వయర్ పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు, పాడతారు, కానీ తెలుగు చదవలేరు. తెలుగు పాటని ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. పోయినేడు ఒక పిల్లాడి చేతిలో కాగితం చూశాను. గుండ్రటి ఒడియా అక్షరాలు, చదివితే మన క్రిస్మస్ పాట. వ్యవహార భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా ఊళ్ళోనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేవాళ్ళు ఒక్కసారి ఆ కాగితం చూడాలి. పిల్లాడి తప్పేం లేదు. పాట పోకుండా తనకి తెలిసిన అక్షరాల్లో దాచుకున్నాడు.

కీబోర్డు విషయంలో మాత్రం నేను ఎవరినీ వెనకేసుకురాను. రిథమ్ బటన్ నొక్కగానే డప్పులూ తాళాలూ దానంతటదే మోగుతాయి. ముందే రికార్డు చేసిన వాయిద్యాల ట్రాక్ పెట్టి పాడటం ఇంకో తెగులు. ట్రాక్ ఎవరికోసమూ ఆగదు. మనుషులైతే ఆగుతారు. ముసలాయన ఊపిరి తీసుకుంటే పక్కవాళ్ళు ఆ అరక్షణం స్వరం పట్టుకుని ఉంటారు. ట్రాక్ వచ్చాక అందరూ సొప్రానో పాటే పాడుతున్నారు, నలుగురికి నాలుగు మైకులు ఇచ్చి. అది క్వయర్ కాదు, నలుగురు ఒకే పాట పాడటం.

మీ ప్రశ్నకి నా అసలు జవాబు 2018 క్రిస్మస్.

ఆ ఏడాది అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి. మా గజపతి జిల్లాలో వరదలు, కొండచరియలు. మా చర్చి పైకప్పు రేకులు లేచిపోయాయి, కీబోర్డు నీళ్ళలో నానిపోయింది. మా బేస్ పాడే పెద్దాయనకి ఉద్దానంలో తాతల నాటి కొబ్బరి తోట ఉండేది. తుఫాను తర్వాత ఆయన ప్రాక్టీస్‌కి రావడం మానేశాడు. ఎవరూ వెళ్ళి పిలవలేదు. పిలిచి ఏం చెబుతాం?

డిసెంబర్ 23 ఆదివారం, సెరంగో దారిలో ఉన్న ఒక సవర పల్లెలో రెండు సంఘాలూ కలిసి ఆరాధన పెట్టుకున్నాం. మధ్యాహ్నం రెండు జీపులు బయలుదేరుతుంటే పెద్దాయన వచ్చి వెనక సీటులో కూర్చున్నాడు. పాత కోటు, మెడకి మఫ్లర్. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. రోడ్డు పక్కన కొండ మీద ఎర్రమట్టి జారిన చోట్లు ఇంకా పచ్చి పుండ్లలా ఉన్నాయి. పల్లెలో చర్చికి మట్టిగోడలు మిగిలాయి, పైన నీలం టార్పాలిన్ కట్టారు. ఎండ దానిలోంచి పడి అందరి మొహాలూ నీలంగా కనిపిస్తున్నాయి. కరెంటు లేదు, మైకు లేదు. మా యూత్ పిల్లలకి టెన్షన్, ట్రాక్ లేకుండా ఎలా అని.

నా పక్కన ఒక సవర అమ్మాయి నిలబడింది. పదిహేనేళ్ళు ఉంటాయేమో. ఒంటి మీద దుప్పటి, కాళ్ళకి చెప్పుల్లేవు, చేతిలో పుస్తకం లేదు. నన్ను చూసి తలూపింది, అంతే. ఆమెకి తెలుగు రాదు. నాకు సవర రాదు. గిడుగువారు ఈ కొండ మనుషుల దగ్గర సవర నేర్చుకుని నిఘంటువు రాశారు, వాళ్ళ పిల్లల కోసం బడులు పెట్టారు. అదే ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు సవరలో పలకరింపు కూడా రాదని ఆ క్షణంలో సిగ్గేసింది.

పాడింది 'సైలెంట్ నైట్'. మేం తెలుగులో, వాళ్ళు సవరలో, ఒకేసారి. అది ఎంచుకోవడానికి కారణం ఉంది. మర్నాటికి ఆ పాట పుట్టి సరిగ్గా రెండు వందల ఏళ్ళు. పాడే ముందు పాస్టర్ అయ్యగారు ఆ కథ చెప్పారు, ఒకాయన సవరలోకి మార్చి చెబుతుంటే. ఆస్ట్రియాలో జోసెఫ్ మోర్ అనే కుర్ర ప్రీస్టు 1816లో ఆ మాటలు రాశాడు. నెపోలియన్ యుద్ధాలు అప్పుడే ముగిశాయి. ఎక్కడో ఇండోనేషియాలో అగ్నిపర్వతం పేలి, ఆ ఏడాది ఐరోపాకి వేసవే రాలేదు, పంటలు పోయి జనం ఆకలితో ఉన్నారు. 1818 డిసెంబర్ 24న ఓబర్న్‌డార్ఫ్ అనే ఊళ్ళో, బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్‌ని అడిగి దానికి బాణీ కట్టించుకున్నాడు. ఆ రాత్రే ఇద్దరూ కలిసి పాడారు. ఒకరు టెనార్, ఒకరు బేస్, ఒక గిటార్, వెనక క్వయర్. పెద్ద వాయిద్యం ఏదీ లేదు. పంటలు పోయిన సంగతి సవరలోకి మారుస్తున్నప్పుడు ఆ పల్లెలో ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

మొదలుపెట్టాం. రెండో చరణానికి నాకు గొంతు బరువెక్కింది. సురం దిగిపోతున్నట్టు నాకే తెలుస్తోంది, ఎత్తుకోలేకపోతున్నాను. అప్పుడు పక్కనుంచి ఆ అమ్మాయి గొంతు వచ్చి పట్టుకుంది. గట్టిగా ఏం పాడలేదు. సరిగ్గా ఉండాల్సిన చోట ఉంది, అంతే. సంతలో పక్కనున్నవాళ్ళు తట్టని ఒక చేయి వేసి పట్టుకుంటారు చూడండి, అలా. ఆమె మాట ఏమిటో నాకు తెలీదు. ఆమె స్వరమూ నా స్వరమూ ఒకటే. ముప్పై ఏళ్ళు పాడినదాన్ని నేను, నన్ను నిలబెట్టింది ఆ పిల్ల.

చివరి వరుసలో బేస్ కిందకి దిగి ఆగాలి. వెనకనుంచి పెద్దాయన గొంతు వచ్చింది. రెండు నెలలు పాడని గొంతు, అంచులు బొంగురుపోయి ఉంది. ఆ కింది స్వరాన్ని పట్టుకుని ఆయన వదల్లేదు. ఆయన వదిలేవరకూ మేం ఎవరం వదల్లేదు. పాట అయ్యాక చప్పట్లు లేవు. టార్పాలిన్ గాలికి టపటపమని కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే. కాసేపటికి పెద్దాయన అన్నాడు: "ఇంకోపాలి పాడదామమ్మా." మళ్ళీ మొదటినుంచి పాడాం.

దీన్ని సంగీతం మహిమ అని తేల్చేయకండి. లూకా సువార్త రెండో అధ్యాయం తీసి చూడండి. గొర్రెల కాపరులకి వార్త చెప్పింది ఒక్క దూత. స్తోత్రం చేసే వేళకి మాత్రం పరలోక సైన్య సమూహం వచ్చింది. వార్త ఒక్కరు చెప్పగలరు, స్తుతించడానికి మాత్రం సమూహం కావాలి. నా మటుకు నాకు క్వయర్ పుట్టింది అక్కడే. పైగా ఆ సమూహం వచ్చింది రాజుగారి కోటకి కాదు, రాత్రిపూట పొలంలో మంద కాసుకునేవాళ్ళ దగ్గరికి. టార్పాలిన్ కింద పాడినప్పుడే నాకు అది బాగా అర్థమైంది.

హ్యాండెల్ అనే సంగీతకర్త యేసు గురించి క్వయర్ కోసం కట్టిన పెద్ద రచన 'మెస్సయ్య' సంగతీ చెప్పాలి. అందులోని హల్లెలూయ కోరస్ మాకు నేర్పడానికి మావయ్యకి మూడు క్రిస్మస్‌లు పట్టింది. నిజానికి అది క్రిస్మస్ భాగంలోది కాదు. యేసు పుట్టుక గురించిన మొదటి భాగం అయిపోయాక, శ్రమలూ పునరుత్థానమూ చెప్పే రెండో భాగం చివర్లో వస్తుంది. ఆ రచన మొదటిసారి పాడింది కూడా డిసెంబర్‌లో కాదు, 1742 ఏప్రిల్ 13న, డబ్లిన్‌లో, ధర్మకార్యం కోసం. వచ్చిన డబ్బు ఆసుపత్రులకీ, అప్పు తీర్చలేక జైల్లో ఉన్నవాళ్ళకీ వెళ్ళింది. 142 మంది విడుదలయ్యారు. పాట పాడితే ఖైదీల తలుపులు తెరుచుకున్నాయి. ఆధ్యాత్మిక అర్థం అడిగారుగా, ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను.

నాలుగు పార్టులు విదేశీ అలవాటు, మనకి కీర్తనలు చాలు అనేవాళ్ళు మా సంఘంలోనూ ఉన్నారు. కీర్తనలంటే నాకు ప్రాణం. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మా ప్రాంతంలో పుట్టినవారే, ఆయన కీర్తనలు రాగతాళాలతో వందేళ్ళు దాటినా నిలిచాయి. క్రిస్మస్ తెల్లవారుజామున చలిలో అందరం ఒక్క గొంతుగా కీర్తన ఎత్తుకుంటే ఆ బలం వేరు. కానీ ఎవరి స్వరం వాళ్ళది ఉంచుకుని, మాట అర్థంకాని మనిషితో కలిసి ఒకే పాట పాడటం నాకు తెలిసింది నాలుగు పార్టుల్లోనే.

పెద్దాయన మూడేళ్ళ క్రితం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో ఇప్పుడు ఒడియా అక్షరాల్లో రాసుకునే ఆ పిల్లాడే నిలబడుతున్నాడు. ఈ ఏడే గొంతు మారింది. ఆ చివరి కింది స్వరం ఇంకా అందడం లేదు. మావయ్య నోటుబుక్కులోంచి బేస్ పార్ట్ నేను చదివి చెబుతుంటే రాసుకుంటున్నాడు. నవంబర్ మొదటి శనివారం నుంచి రాత్రి ఏడింటికి ప్రాక్టీస్. టెనార్‌కి నలుగురున్నారు, బేస్‌కి వాడొక్కడే. మీది బొంగురు గొంతైతే, ఆ రోజుల్లో ఇటువైపు వస్తే, వాడి పక్కన నిలబడండి.